విజ్ఞాన సర్వస్వానికి కావలివారు కావాలి

పాయా లేబర్‌లో ఒక తెలుగు విద్యార్థి తెలుగు వికీపీడియాలో ‘ఆమ్లజని’ని గురించి చదువబోతే, ఆ పుట సాధారణంగా సింగపూరులోని యంత్రాల మీదుగానే వస్తుంది. వికీమీడియా సంస్థ 2018లో ఇక్కడ అట్టి కేంద్రాన్ని నెలకొల్పింది. అయితే పుటను అందించేది యంత్రమే గాని, దానిని నమ్మదగినదిగా నిలిపేది వేతనం ఆశించని మనుషులు.

కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము, 1923లో ఆయన కన్నుమూసేనాటికి అకారాన్నైనా దాటలేదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా నేడు లక్ష వ్యాసాలను మించింది. ఒక్కరు మోయలేని బరువును పలువురు పంచుకొన్న ఫలమిది.

అయితే సంఖ్యను చూచి మురిసిపోవడం తగదు. రాయడం ఒకనాటి పని, కాపాడడం నిత్యకృత్యం. ‘ఇటీవలి మార్పులు’ పుటను అనుదినం పరిశీలించి, కొంటె రాతలను తొలగించి, ఆధారం లేని వాక్యానికి ఆధారం అడిగేవారే దీనికి ప్రాణం. ప్రయోగశాల పుస్తకంలో తప్పును చెరిపివేయరు, కొట్టివేసి పక్కన సరిచేస్తారు. ఇక్కడి ‘చరిత్ర’ పుట కూడా అట్టిదే: ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో అందులో నిలిచి ఉంటుంది. అభిప్రాయభేదాలు వస్తే తేల్చుకొనడానికి ‘చర్చ’ పుటలు, ‘రచ్చబండ’ ఉన్నాయి.

ఈ కావలి పనికి వైద్యులు, ఇంజనీర్లు, రసాయన శాస్త్రవేత్తలు చాలినంతమంది ముందుకు రాకపోతే, శాస్త్ర వ్యాసంలోని ఒక్క తప్పుడు అంకె ఏళ్ల తరబడి సత్యంగా చెలామణి కాగలదు. ప్రవాసాంధ్రులలో ఇట్టి విద్యావంతులకు కొదువ లేదు. ప్రతి ఒక్కరూ తమ శాస్త్రానికి చెందిన ఒక్క వ్యాసాన్నైనా ‘వీక్షణ జాబితా’లో చేర్చుకొని కాపాడితే, పిల్లలకు నమ్మదగిన తెలుగు శాస్త్రగ్రంథం దక్కుతుంది.