చేతిపని — చిన్నశాస్త్రం: ముందు ఇసుక ఎక్కాలి

పిల్లలూ! బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల మధ్య వుండేవారికి బెల్లం వండే పెద్ద ఇనప పెనం తెలిసే వుంటుంది. ఒక ఇనప మేకును చెరువులో వేస్తే బుడుంగున మునిగిపోతుంది. అటువంటి మేకులు కొన్ని వేలు చేయడానికి సరిపడే ఇనుము ఆ పెనంలో వున్నది. అయినా దాన్ని నీటిమీద మెల్లిగా పెడితే తేలుతుంది! ఇనుము ఒకటే గదా, మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

దీనికి జవాబు పుట్టిలో వున్నది. నిజాంసాగర్ దాటి వచ్చిన మంజీర నది, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1931లో పూర్తి అయిన నిజాంసాగర్ నీటితోనే ఈ ప్రాంతంలో చెరకు బాగా పెరిగింది. 1937లో స్థాపించిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆ చెరకుమీదనే నడిచి, 2015లో మూతబడింది. ఫ్యాక్టరీకంటే, ఆనకట్టకంటే కూడా చాలా పాతది పుట్టి.

పుట్టి అంటే గుండ్రని వెదురు పడవ. చీల్చిన వెదురు బద్దలను అడ్డంగా, నిలువుగా నేలమీద పరచి, కొసలు పైకి వంచి, బుట్ట అల్లినట్టే అల్లుతారు. అంచును మందంగా కట్టి, బయట తొడుగు వేస్తారు. వెనక ఈ తొడుగు తోలుతో వుండేది. తరవాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు తుంగభద్రమీద ఇటువంటి పడవలనే చూశాడు. ఒక్కొక్కటి పదిహేను, ఇరవై మందిని మోసేదనీ, తిన్నగా పోక గిరగిర తిరుగుతూ పోయేదనీ అతడు రాశాడు.

ఇప్పుడొక చిన్న కథ. మంజీర ఒడ్డున ఒక వూళ్ళో ఒక తాతా, మనవడూ వున్నారు. వాళ్ళ పాత పుట్టి మూడేళ్ళుగా చింతచెట్టు కింద బోర్లా పడి వున్నది. వేసవి సెలవుల్లో మనవడు దాన్ని బాగు చేయాలని పట్టుబట్టాడు. ఇద్దరూ కలిసి చివికిన బద్దలు తీసి కొత్తవి దూర్చారు. పుట్టిని ఎండకు ఎదురుగా ఎత్తి, లోపలినుంచి చూశారు. చిల్లు వున్నచోటల్లా చుక్కలా వెలుగు కనిపించింది. అక్కడల్లా గుడ్డ అంటించి తారు పూశారు. మళ్ళీ ఎత్తి చూస్తే ఒక్క చుక్క కూడా లేదు.

"తాతా, ఇగ పోదమా? చెల్లెను గూడ ఎక్కించుకుంట!" అన్నాడు మనవడు.

"ఆగు బిడ్డా! ముందుగాల ఇసుక ఎక్కాలె, తర్వాత మనం ఎక్కాలె," అన్నాడు తాత.

ఒడ్డు దగ్గర, మోకాలి లోతు నీటిలో పుట్టిని కట్టి, యాభై కిలోల ఇసుక బస్తాలు నాలుగు అందులో పెట్టారు. నీరు ఎంతవరకు వచ్చిందో సుద్దతో గీత గీశారు. మనవడు మూతి ముడుచుకుని ఇంటికి పోయాడు.

తెల్లవారి వచ్చి చూస్తే గీత నీటిలో మునిగిపోయి వున్నది! పుట్టి లోపల రెండు వేళ్ళ మందం నీరు. బస్తాలు తీసి వెతికితే, ఒక బద్ద కొస తొడుగును పొడుస్తున్నట్టు తెలిసింది. ఖాళీగా వున్నప్పుడు ఆ చిల్లు మూసుకునే వుంటుంది. బరువు పడినప్పుడే తెరుచుకుంటుంది! మనవడు చెల్లెలి వంక చూసి, మాట్లాడకుండా తారు డబ్బా తెచ్చాడు.

తాత ఎందుకంత జాగ్రత్త పడ్డాడో లెక్క వేసి చూద్దాం. నీటిలో దిగిన వస్తువు కొంత నీటిని పక్కకు నెడుతుంది. అది పక్కకు నెట్టిన నీటి బరువెంతో, అంత బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. రెండు వేల సంవత్సరాలకు పూర్వమే గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమిడీస్ ఈ సంగతి చెప్పాడు. మేకు నెట్టే నీరు కొంచెమే. పెనం తన బోలుతనం వల్ల చాలా నీటిని నెడుతుంది. అందుకే అది తేలుతుంది.

ఒక పుట్టి అడుగు చదునుగా, 2 మీటర్ల అడ్డకొలతతో వున్నదనుకోండి. అది ఒక్క సెంటీమీటరు దిగితే సుమారు 31 లీటర్ల నీటిని నెడుతుంది. లీటరు నీరు ఒక కిలో గదా! అంటే మీవంటి 31 కిలోల పిల్లవాడు ఎక్కితే పుట్టి దిగేది ఒక్క సెంటీమీటరే. అయితే లోపల ఒక సెంటీమీటరు నీరు చేరినా అంతే బరువు. పైగా పిల్లవాడు కదలకుండా కూర్చుంటాడు, నీరు కూర్చోదు. పుట్టి ఎటు వంగితే అటే పరుగెత్తి, ఇంకా వంచుతుంది.

మీరూ చేసి చూడండి. 20 సెంటీమీటర్ల అడ్డకొలత గల చిన్న వెదురు బుట్టకు బయట ప్లాస్టిక్ కాగితం గట్టిగా తొడగండి. తొట్టిలో వదిలి, గులకరాళ్ళు తూచి వేయండి. సుమారు 314 గ్రాములకు ఒక సెంటీమీటరు చొప్పున దిగాలి. బుట్ట గోడలు ఏటవాలుగా వుంటే లెక్క కొంచెం మారుతుంది. తరవాత రాళ్ళన్నీ ఒక పక్కకు జరపండి. పుట్టిలో అందరూ ఒకే వైపుకు ఎందుకు జరగకూడదో మీకే తెలుస్తుంది.

ఇంటి దగ్గర పడవలు చేసుకునే సరదా ఇతర దేశాల్లోనూ వున్నది. 1963లో ఇంగ్లండులో 'మిర్రర్' అనే చిన్న తెరచాప పడవ వచ్చింది. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో బట్టలు కుట్టినట్టు కుట్టి, అతుకుల మీద జిగురు, గాజునార పట్టీ వేస్తే పడవ తయారు! అటువంటివి దాదాపు 70,000 తయారయ్యాయి. ఒకరు కుడతారు, ఒకరు అల్లుతారు, కాని అతుకు దగ్గర చూపవలసిన జాగ్రత్త ఇద్దరికీ ఒకటే.

ఒక్క మాట మరవకండి. మీ బుట్ట పడవను తొట్టిలోనే తేల్చండి. నదికి, చెరువుకు పెద్దలు లేకుండా పోకూడదు. పడవ ఎక్కితే తేలుడు చొక్కా తొడుక్కోవాలి.

ఈ నెల ప్రశ్న: రాళ్ళతో మీ బుట్ట తొట్టిలో తేలుతున్నది. తొట్టిలో నీటిమట్టం దగ్గర గీత గీయండి. బుట్టలోని రాళ్ళు తీసి తొట్టి నీటిలో వేస్తే మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అట్లాగే వుంటుందా? ముందు ఊహించండి, తరవాత చేసి చూడండి. జవాబు వచ్చే నెల!