తెర లేని బోర్డుకు తీగే తొలి దారి

మా ఎంబెడెడ్ ల్యాబ్‌కు కొనాల్సిన సామాన్ల జాబితా రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: 'ముప్పై బోర్డులకు ముప్పై మానిటర్లు రాయండి.' అంత డబ్బు లేదంటే వెంటనే రెండో మాట: 'వైఫై ఉంది కదా, దాంతో కానివ్వండి.' బోర్డుకు కరెంటు ఇస్తున్న యూఎస్‌బీ కేబుల్ మీదే నెట్‌వర్క్ కూడా నడుస్తుందంటే మాత్రం పెదవి విరుస్తారు. అది గతిలేనివాళ్ల సర్దుబాటు అని, చిట్కా అని కొట్టిపారేస్తారు. ఈ అభిప్రాయం తప్పు. ప్రతి సెమిస్టర్‌లో పిల్లల మొదటి రెండు మూడు ల్యాబ్‌లను పాడుచేస్తున్న తప్పు.

యూఎస్‌బీలో రెండు పాత్రలుంటాయి. అడిగేది హోస్ట్, జవాబిచ్చేది పరికరం. ల్యాప్‌టాప్ హోస్ట్ అయితే మౌస్, పెన్‌డ్రైవ్ పరికరాలు. కొన్ని బోర్డుల్లోని కంట్రోలర్ ఈ రెండో పాత్ర కూడా వేయగలదు. 2015 నవంబరులో 5 డాలర్ల ధరకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై జీరో అలాంటిదే. దాని లినక్స్ కెర్నెల్‌లో జీ-ఈథర్ అనే మాడ్యూల్ ఎక్కిస్తే, ల్యాప్‌టాప్‌కు ఆ బోర్డు ఒక ఈథర్‌నెట్ కార్డులా కనబడుతుంది. మధ్యలో రౌటర్ లేదు, స్విచ్ లేదు. చిరునామాలు పంచేవాళ్లు లేకపోయినా రెండూ 169.254తో మొదలయ్యే చిరునామాలను తమంతట తామే పెట్టుకుంటాయి. బోర్డు పేరుకు చివర 'డాట్ లోకల్' తగిలించి పిలిస్తే పలుకుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లిపోవడమే. పరికరం పాత్ర వేయించే, డేవిడ్ బ్రౌనెల్ వంటివారు రాసిన ఈ 'గ్యాడ్జెట్' కోడ్ 2.6 వెర్షన్ కాలం నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. హాస్టల్ గదిలో ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెదరింగ్ నొక్కి, పరీక్ష ఫీజు కట్టిన ప్రతి విద్యార్థీ వాడినది దీని తోబుట్టువునే. ఫోన్‌లో మామూలు సదుపాయమైనది బోర్డు దగ్గరికి వచ్చేసరికి చిట్కా ఎందుకవుతుంది?

వైఫై చాలనేవారు ఒక్క పూట కాలేజీ క్యాంపస్‌లో తెర లేని బోర్డు ముందు కూర్చోవాలి. ఆ మధ్య ఒక కాలేజీ వర్క్‌షాప్‌కు వెళ్లాను. అక్కడి వైఫైకి కలవాలంటే బ్రౌజర్‌లో వచ్చే పేజీలో రోల్ నంబరు కొట్టాలి. బోర్డుకు బ్రౌజర్ ఎక్కడిది? ఎవరో ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టారు. అది 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది, వైఫై ఉన్న మా పై జీరో డబ్ల్యూలకు 2.4 తప్ప తెలియదు. ఆఫీసు నుంచి రౌటర్ తెప్పించారు. బోర్డులు కలిశాయి గానీ, ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా ఆ రౌటర్‌లో అడ్డుకట్ట పెట్టి ఉంది. దాని పాస్‌వర్డ్ తెలిసినాయన ఆ రోజు సెలవు. భోజనాల వేళకు ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలగలేదు. పొద్దున ఉత్సాహంగా వచ్చిన పిల్లలు తమకే ఏదో రాదనుకుని తలలు దించుకున్నారు. నన్ను బాధపెట్టింది అదే.

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు, లోపలికి వెళ్తే గాని వైఫై సరిచేయలేం, వైఫై సరిగ్గా ఉంటే గాని లోపలికి వెళ్లలేం. ఈ ముడి విప్పేది కేబులే. బోర్డులోకి వెళ్లే మొదటి దారి ఇంకొకరి రౌటర్ మీదా, ఇంకొకరి అనుమతి మీదా ఆధారపడకూడదు. లోపలికి వెళ్లాక వైఫై పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు?

మానిటర్ సంగతికొస్తే, పై జీరోకు ఉన్నది మినీ హెచ్‌డీఎమ్ఐ. దానికో అడాప్టర్, కీబోర్డుకో ఓటీజీ తీగ, మౌస్ కూడా కావాలంటే హబ్. కానీ ఖర్చు కన్నా పెద్ద నష్టం అలవాటు. రేపు ఈ విద్యార్థి తయారుచేసే పెట్టెను ఏ పొలంలో మోటారు పక్కనో, ఏ వీధిదీపం స్తంభానికో బిగిస్తారు. అక్కడికి ఎవరూ మానిటర్ మోసుకెళ్లరు. డెస్క్‌టాప్ బొమ్మలు నొక్కడం నేర్చుకున్నవాడు ఆ స్తంభం కింద ఏం చేస్తాడు?

సీరియల్ కన్సోల్ అభిమానుల మాట మాత్రం గౌరవించాలి. కెర్నెల్ లేవకముందు బూట్‌లోడర్ ఏమంటోందో వినాలంటే ఆ మూడు తీగలే దిక్కు. యూఎస్‌బీ నెట్‌వర్క్ కెర్నెల్ లేచాకే వస్తుంది. అయితే 115200 బాడ్ అంటే సెకనుకు పదకొండున్నర కిలోబైట్లు. 10 మెగాబైట్ల ఫైలు పంపాలంటే పావుగంట పడుతుంది. పైగా 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టుల కన్వర్టర్ తగిలిస్తే బోర్డే పోవచ్చు. ఆ భయం మొదటి రోజే పిల్లల నెత్తిన పెట్టనక్కర్లేదు.

యూఎస్‌బీ దారిలోనూ ముళ్లున్నాయి, దాచను. సగం ఫిర్యాదులకు మూలం ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్, అందులో డేటా తీగలే ఉండవు. పై జీరోలో పక్కపక్కన రెండు పోర్టులుంటాయి, చాలామంది కరెంటు పోర్టులోనే గుచ్చుతారు. ఏళ్ల తరబడి యూఎస్‌బీ నెట్‌వర్క్ కోసం రెండు ఫైళ్లను చేత్తో దిద్దాల్సి వచ్చింది. వాటిలో ఒకటి మొత్తం ఒకే వరుసలో ఉండాలి, పొరపాటున ఎంటర్ నొక్కితే బోర్డు లేవదు. మ్యాక్ చిరునామా మనం నిర్ణయించకపోతే బూట్ అయిన ప్రతిసారీ మారిపోతుంది, ల్యాప్‌టాప్ దాన్ని కొత్త కార్డనుకుంటుంది. విండోస్‌తో పేచీ మరీ పాతది. మైక్రోసాఫ్ట్ తన ఆర్‌ఎన్‌డీఐఎస్ పద్ధతినే నడిపింది. భద్రత లేనిదంటూ దాన్ని లినక్స్ కెర్నెల్‌లో ఆపేయాలని కెర్నెల్ నిర్వాహకుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రతిపాదించారు. విండోస్ 11లో ఎన్‌సీఎమ్ అనే ప్రామాణిక పద్ధతికి డ్రైవర్ ఉంది కాబట్టి ఇక దానికే మారాలి. ఇవన్నీ తయారీదారులు తీర్చగల లోపాలు. 2013 ఏప్రిల్‌లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్‌కు కేబుల్ పెట్టి, బ్రౌజర్‌లో 192.168.7.2 కొడితే బోర్డు పేజీ తెరుచుకునేది. ఎవరూ ఏ ఫైలూ దిద్దలేదు.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరం ఒకటుంది. 2016లో భద్రతా పరిశోధకుడు శామీ కమ్‌కార్ 'పాయిజన్‌ట్యాప్' అనే సాధనంతో, తాళం వేసిన కంప్యూటర్‌కు పై జీరోను తగిలించి, నెట్‌వర్క్ కార్డునని నమ్మించి, ట్రాఫిక్ లాగేయొచ్చని చూపించాడు. నిజమే. అది ఊరూపేరూ తెలియని పరికరాన్ని మన ల్యాప్‌టాప్‌కు గుచ్చితే వచ్చే ప్రమాదం. మన బోర్డుకు మనం కేబుల్ పెట్టడం వేరు. అదే 2016లో మిరాయ్ బాట్‌నెట్ కెమెరాలను పట్టుకున్నది ఇంటర్నెట్ మీదుగా, మార్చని పాస్‌వర్డ్‌లతో. కేబుల్ తలుపు తట్టాలంటే మనిషి ఆ గదిలోకి రావాలి.

అందుకే ఈసారి జాబితాలో మానిటర్లు కొట్టేశాను. బోర్డు ఎంపికలో మొదటి షరతు పరికరం పాత్ర వేయగల పోర్టు ఉండటం. పై 3 బీలో ఆ దారి హబ్ చిప్ వెనక ఉండిపోయింది కాబట్టి అది వద్దు, పై 4 టైప్-సీ పోర్టులో కుదురుతుంది కాబట్టి సరే. ఆ కింద ముప్పై డేటా కేబుళ్లు, ఛార్జింగ్ కేబుళ్లతో కలిసిపోకుండా వాటికి చుట్టడానికి ఎర్ర టేపు.