ఒక్క మెతుకు పట్టి చూస్తే



మొన్న ఆదివారం పొయ్యిమీద అన్నం ఉడుకుతున్నది. మా పిల్లవాడు గ్రహశకలాల మీదినుంచి మట్టి తెచ్చిన నౌకల సంగతి చదివి వినిపిస్తున్నాడు. అంతా విని మా అత్తగారు, "ఏమే అమ్మాయీ! ఏడేళ్ళు ఆకాశంలో తిరిగి కంటికానని దుమ్ము తెచ్చారుటే! దానికంత డబ్బా? పైనుంచి రాళ్ళు వాటంతటవే పడుతూనే వుంటాయి కదా, అవి ఏరుకుంటే పోలా?" అన్నారు.

ప్రశ్న సబబైనదే. జవాబు చెప్పుకోవలసిందే.

ఆ నౌక పేరు హయబుసా, జపానువారిది. 2003 మే నెలలో బయలుదేరి 2005లో ఇటొకావా అనే గ్రహశకలాన్ని చేరింది. అర కిలోమీటరు పొడవున్న రాళ్ళ కుప్ప అది. నేల తాకగానే చిన్న గుండు పేల్చి, లేచిన ధూళిని పట్టుకోవాలని ఏర్పాటు. తీరా గుండు పేలలేదు. ఆపైన ఇంధనం కారిపోయింది. డిసెంబరులో కబురు కూడా తెగిపోయింది. సుమారు ఏడు వారాలు జాడ లేదు. అయినా వాళ్ళు ఆశ వదలక చెవి వొగ్గి కూర్చున్నారు. 2006 జనవరిలో సన్నగా సంకేతం వినిపించింది. తిరుగుదారిలో యంజన్లు చెడితే, ఒకదానిలో పనిచేసే భాగాన్ని మరొకదాని భాగంతో కలిపి నడిపించారు. 2007లో రావలసినది 2010 జూన్ 13న ఆస్ట్రేలియా చేరింది. నౌక గాలిలో కాలిపోయింది. పెట్టె మాత్రం పారాచూట్‌తో క్షేమంగా దిగింది.

విప్పి చూస్తే సుమారు 1500 రేణువులు! చాలావరకు మిల్లీమీటరులో నూరోవంతుకన్నా చిన్నవి. గుండు పేలకపోయినా, నౌక నేల తాకినప్పుడు లేచిన ధూళి అది.

మరి దానివల్ల తేలిందేమిటి? మన భూమిమీద పడే ఉల్కలలో ఎక్కువభాగం ఒక్క తెగవే. అవి ఇటొకావా వంటి శకలాలనుంచి వస్తాయని అనుమానమేగాని, దూరాన్నుంచి చూస్తే రంగులు కలవలేదు. రేణువులు చేతికి రాగానే చిక్కు విడింది. ఖనిజాలు సరిపోయాయి. సూర్యుడినుంచి వీచే కణాల తాకిడికి పైపొర మాత్రం మారింది. డాబామీద ఆరేసి మరచిన చీర పైమడత వెలిసి, లోపలిమడత అసలు రంగుతో వుండదూ? అట్లాగన్నమాట. పడిన రాయి తన వూరు చెప్పదు. పైగా గాలిలో పైభాగం కాలుతుంది, నేలమీద వాన తడుపుతుంది. వెళ్ళి తెచ్చుకున్నదానికి వూరూ పేరూ వుంటాయి.

ఇంకొక్క మాట. 2023 సెప్టెంబరు 24న అమెరికావారి ఓసిరిస్-రెక్స్ బెన్నూ శకలంనుంచి 121.6 గ్రాములు దించింది. అందులో కనీసం 70 శాతం ముందు తరాలకని దాచాలని నిర్ణయించారు. ఇదేమీ వట్టి లోభం కాదు. 1972లో చంద్రుడిమీద మూసి తెచ్చిన ఒక మట్టిగొట్టాన్ని 2022లో గాని విప్పలేదు. తెచ్చిన రోజున లేని పరికరాలు యాభై ఏళ్ళకు వచ్చాయి మరి.

ఖర్చు మాట కాదనను. కాని తొందరపడి అంతా వాడేసుకోక, పుట్టబోయే మనుమలకోసం ఎత్తిపెట్టే బుద్ధిని మెచ్చుకోకుండా వుండలేను.

ఇదంతా చెప్పి, "పిడికెడు లేకపోతేనేం అత్తయ్యా!" అన్నాను. ఆవిడ మారుమాట్లాడక గరిటెతో ఒక్క మెతుకు తీసి నొక్కి చూసి, "ఉడికింది, దించు" అన్నారు.