చేతులన్నీ ఒకేలా ఉండవు: సంఘ కుటుంబాలకు మా మనవి

సెలైన్ పెట్టే ముందు సిస్టర్ మోచేతి మడతలో వేలు పెట్టి నొక్కి చూస్తుంది. మంచం పక్కన ఉన్నవారికి ఆత్రం. "నరం అంత బాగా కనిపిస్తా ఉంది కదా సిస్టరమ్మా, సూది వేసేయకుండా ఏం వెతుకుతా ఉండారు?" అంటారు. అక్కడ కొట్టుకుంటోందా, లేదా అని ఆమె చూస్తోంది.

వాడుకలో మనం అన్నిటినీ నరమే అంటాము. నిజానికి అవి మూడు. గుండె నుండి రక్తం తెచ్చేది ధమని, అది కొట్టుకుంటుంది. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది సిర. సెలైన్ ఎక్కించేది దీనిలోకే. స్పర్శను, కదలికను నడిపేది అసలైన నరము.

పుస్తకంలోని బొమ్మ ప్రకారం పై చేతిలో ఒకే పెద్ద ధమని దిగి, మోచేతి దగ్గర రెండుగా చీలుతుంది. అయితే నూటికి సుమారు పది, పదిహేను మందిలో అది ఇంకా పైనే, ఒక్కోసారి చంక దగ్గరే చీలిపోతుంది. కొద్దిమందిలో ఒక కొమ్మ చర్మం కిందనే పోతూ, చూపుకు సిరలాగే ఉంటుంది. పొరపాటున అందులోకి మందు ఎక్కితే వేళ్లు నల్లబడి, తీసివేయవలసి కూడా రావచ్చు. రెండు తలలుండే బైసెప్స్ కండకు కొందరిలో మూడో తల ఉంటుంది. కొందరిలో రెండు నరాలను కలుపుతూ అదనపు కొమ్మ ఉంటుంది.

ఇవి జబ్బులు కావు. చాలామంది ఈ సంగతి తెలియకుండానే నిండు జీవితం గడుపుతారు. కాని విరిగిన చేతికి ఆపరేషన్ చేసే డాక్టరుకు, మణికట్టు నుండి గుండెకు సన్నని గొట్టం పంపే డాక్టరుకు ఇవి తెలిసి ఉండాలి.

ఎలా తెలిశాయి? మరణించినవారి దేహాలను వైద్య విద్యార్థులు, అధ్యాపకులు ఓపికగా పరీక్షించడం వల్లనే. ఒక్క దేహం చూస్తే చాలదు; ఎన్నో చూస్తేనే తేడాలు తెలుస్తాయి. అందుకే శరీర దానం గురించి మన సంఘాలు ఆలోచించాలని మేము కోరుతున్నాము.

పునరుత్థానం మాటేమిటని కొందరు అడుగుతారు. సముద్రంలో మునిగినవారిని, మంటల్లో కాలిపోయినవారిని దేవుడు మరచిపోతాడని మనలో ఎవరమూ నమ్మము. ఈస్టరు తెల్లవారుజామున పువ్వులు పెట్టడానికి సమాధి ఉండదే అన్న బాధ మాత్రం నిజమైనదే. దానిని మేము తేలికగా తీసుకోము. అందుకే ఇది బలవంతం కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. జ్ఞాపకార్థ ఆరాధన ఎలాగూ చేసుకోవచ్చు.

1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనది మన మదనపల్లెలోనే. అప్పుడు ఇక్కడివారు చాపిన చేతుల వల్ల దేశమంతటికీ మేలు కలిగింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవారికి కుప్పంలోనే పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది. ఏ వైద్య కళాశాలలోనైనా అనాటమీ విభాగంలో నియమాలు అడిగి తెలుసుకోండి. సమ్మతి పత్రం సాక్షుల ఎదుట వ్రాయండి, ఇంట్లోవారికి తప్పక చెప్పండి. చివరికి దేహాన్ని అప్పగించవలసినది వారే. పోస్టుమార్టం జరిగిన దేహాలను, కొన్ని అంటువ్యాధులు ఉన్నవారి దేహాలను సాధారణంగా తీసుకోరు.

ఈసారి సిస్టర్ మీ చేతిని నొక్కి చూస్తుంటే కాస్త ఓపిక పట్టండి. పేరు తెలియని ఎవరో తమ దేహం ద్వారా నేర్పిన పాఠం అది.