లెక్కకెక్కని ఇంటిభాష

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ మన ఊళ్లలో సమర్ఖండ్, బుఖారా పేర్లు తరచుగా వినిపిస్తున్నాయి. ఎంబీబీఎస్ కన్సల్టెన్సీల ప్రకటనల్లో ఉజ్బెకిస్థాన్ రాజధాని తాష్కెంట్ పక్కన ఇప్పుడు అవీ చేరాయి. అంతకుముందు మనకు తాష్కెంట్ అంటే లాల్ బహదూర్ శాస్త్రి, బుఖారా అంటే ఆలుబుఖారా పండు, అంతే. అక్కడికి వెళ్లే పిల్లలు ఉజ్బెక్ నాలుగు ముక్కలు, రష్యన్ నాలుగు ముక్కలు నేర్చుకుంటారు. కానీ సమర్ఖండ్‌లోని సియాబ్ బజారులో రొట్టెలమ్మే ఆవిడ పక్క కొట్టావిడతో మాట్లాడే మాట చాలాసార్లు ఆ రెండిట్లో ఏదీ కాదు. అది తాజిక్, పారశీకంలో ఒక రూపం. బుఖారా పాతబస్తీలోనూ అదే ఇంటిభాష.

ఉజ్బెకిస్థాన్ ప్రభుత్వాన్ని అడిగితే దేశంలో తాజిక్‌లు ఐదు శాతానికి కాస్త అటూఇటూ అంటుంది. 1989 నాటి సోవియట్ జనగణనలో 9 లక్షల 33 వేల మంది, అంటే 4.7 శాతం తేలారు. స్వతంత్ర దేశమయ్యాక మూడు దశాబ్దాల పాటు అసలు జనగణనే జరగలేదు. పాతిక శాతానికి తక్కువ ఉండరని వాదించే పరిశోధకులు ఉన్నారు. ఐదుకీ పాతికకీ మధ్య ఉన్నది చిన్నాచితకా తేడా కాదు. ఎవరి అంచనా నిజమో దూరం నుంచి తేల్చలేం గానీ, ఆ తేడా ఎలా పుట్టిందో మాత్రం కాగితాల మీదే కనిపిస్తుంది.

1920లో సమర్ఖండ్ నగరంలో తలలు లెక్కపెడితే తాజిక్‌లు 44 వేల పైచిలుకు, ఉజ్బెక్‌లు 3 వేల 300. 1926లో మళ్లీ లెక్కపెట్టారు. ఈసారి ఉజ్బెక్‌లు 43 వేల పైన, తాజిక్‌లు 10 వేల 700. మధ్యలో ఊరు కాలిపోలేదు, జనం మూటాముల్లె కట్టుకుని వలస పోలేదు. అవే వీధులు, అవే ఇళ్లు. మారిందల్లా జాతి గడిలో రాసిన మాట. తాజిక్ అని రాయిస్తే తూర్పు కొండల్లోకి పంపేస్తారని జనం భయపడ్డారని తాజిక్ చరిత్రకారులు రాశారు.

ఈ రెండు లెక్కల మధ్య, 1924లో, మాస్కో మధ్య ఆసియాను జాతుల వారీగా పంచింది. ఉజ్బెక్ రిపబ్లిక్ ఏర్పడింది. దాని లోపల ఒక స్వయంప్రతిపత్తి ప్రాంతంగా తాజిక్‌లకు ఇచ్చినది ఎక్కువగా కొండ నేల. దాని రాజధాని దుషాంబే అప్పటికి సోమవారం సంతకు పేరుపడ్డ పల్లె. 1929లో తాజికిస్థాన్ విడి రిపబ్లిక్ అయినప్పుడు ఖుజంద్ నగరం దానికి దక్కింది. సమర్ఖండ్, బుఖారా దక్కలేదు.

దీన్ని స్టాలిన్ గీసిన గీతగా చెప్పి ముగించడం అందరికీ అలవాటు. నాకు అది సగం కథ అనిపిస్తుంది. బుఖారాలో అమీరును దించేసిన సంస్కరణవాదులే అక్కడ ఉజ్బెక్‌ను అధికార భాష చేశారు. వాళ్లలో ముఖ్యుడు అబ్దురవూఫ్ ఫిత్రత్ తొలి రచనలు పారశీకంలోనే చేసినవాడు, తర్వాత ఉజ్బెక్‌కు జెండా పట్టాడు. ఉజ్బెక్ రిపబ్లిక్ తొలి ప్రభుత్వాధినేత ఫైజుల్లా ఖొజాయెవ్‌దీ బుఖారాయే. కొత్త కాలం తురుష్క భాషలదేనని, పారశీకం పాత అమీరు దర్బారుతో పోవాలని ఆ తరం నమ్మింది. అటువైపు నుంచి ఈ నగరాలు మావని వాదించిన తాజిక్ నాయకుల్లో షీరీన్‌షో షోతెమూర్ ఒకరు. ఆయన్ని 1937లో కాల్చి చంపారు. ఫిత్రత్‌నూ ఖొజాయెవ్‌నూ 1938లో కాల్చేశారు. వాదులూ ప్రతివాదులూ పోయారు, తీర్పు మాత్రం మిగిలింది.

దుషాంబేకి ఈ వెలితి ఇప్పటికీ తీరలేదు. తాజికిస్థాన్ కరెన్సీ పేరు సొమొనీ. పదో శతాబ్దం నాటికే పేరు మోసిన సమానీ వంశపు ఇస్మాయిల్ పేరు మీదుగా పెట్టుకున్నది. ఆ ఇస్మాయిల్ సమాధి మందిరం ఉన్నది బుఖారాలో. ఆధునిక తాజిక్ సాహిత్యానికి ఆద్యుడు సద్రుద్దీన్ ఐనీ పుట్టింది బుఖారా దగ్గరి పల్లెలో, చాలాకాలం బతికింది సమర్ఖండ్‌లో. 1926లో ఆయన కూర్చిన తాజిక్ సాహిత్య సంకలనం, తాజిక్‌లంటూ వేరే జాతే లేదన్నవాళ్లకు జవాబుగా నిలిచింది. అయితే దుషాంబేలో సమర్ఖండ్ మాదేనని ఎవరైనా గొంతు పెంచినప్పుడల్లా, సమర్ఖండ్‌లోని తాజిక్ మీద తాష్కెంట్‌కు అనుమానం పెరుగుతుంది. దుషాంబే చూపే ఈ సానుభూతి వాళ్లకు మేలు చేసిందని నేను అనుకోను.

ఉజ్బెకిస్థాన్ తొలి అధ్యక్షుడు కరీమోవ్ ఏలుబడిలో అదే జరిగింది. ఆయనా సమర్ఖండ్‌లో పుట్టినవాడే. తాజికిస్థాన్ అంతర్యుద్ధం, తర్వాత తాజికిస్థాన్ తలపెట్టిన రోగున్ ఆనకట్ట మీద తగాదా కలిసి సరిహద్దును బిగించేశాయి. వీసా పెట్టారు, మందుపాతరలు పరిచారు. తాజికిస్థాన్ వైపున్న పంజకెంట్ నుంచి సమర్ఖండ్‌కు అరవై కిలోమీటర్లు. పెళ్లికీ చావుకీ గంటలో వెళ్లి వచ్చే ఆ దారిని 2010లో మూసేశారు. చుట్టాల ఇంటికి రావాలంటే కొండలన్నీ చుట్టి రావాలి. ఆయన తర్వాత అధ్యక్షుడిగా మిర్జియోయెవ్ వచ్చాక 2018 మార్చిలో ఆ గేటు తెరిచారు, ముప్పై రోజుల వరకు వీసా తీసేశారు. ఇంతకన్నా పెద్ద మేలు ఆ ప్రజలకు ఇటీవలి కాలంలో ఎవరూ చేయలేదు. ఇది ఒప్పుకోవాలి.

గేటు తెరుచుకున్నా బడి సంగతి వేరు. తాజిక్ మాధ్యమం బడులున్నాయి, సమర్ఖండ్ విశ్వవిద్యాలయంలో తాజిక్ శాఖ ఉంది. చుట్టూ కిర్గిజ్ నేల ఉన్న సోఖ్ అనే ఉజ్బెక్ ముక్కలోనైతే దాదాపు అందరూ తాజిక్‌లే, పిల్లలు ఆ భాషలోనే చదువుకుంటారు. నగరంలో అలా కాదు. ఉద్యోగం ఉజ్బెక్‌లో, రష్యాకు వలస పోవాలంటే రష్యన్‌లో. తండ్రి లెక్క వేసుకుని పిల్లవాణ్ని ఆ రెంటిలో ఒక బడికి పంపుతాడు. పైగా ఉజ్బెక్ లాటిన్ లిపికి మారుతుంటే, తాజిక్ సిరిలిక్‌లోనే ఉంది. ముత్తాత రాసిన ఉత్తరం తీస్తే అరబ్బీ లిపి. ఒక్క ఇంట్లో మూడు లిపులు.

మనకు ఈ బాధ బొత్తిగా తెలియనిది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు మనకు రాలేదు, బళ్లారి మైసూరుకు పోయింది. కానీ ఆ వాదాల్లో ప్రతి పక్షమూ తాలూకాల వారీ మాతృభాష అంకెలు పట్టుకుని మాట్లాడింది. తమిళనాడులో ఉన్నా హోసూరు తెలుగువాడు నేటికీ జనగణనలో తెలుగువాడే. బడి కోసమో, భాషా హక్కు కోసమో అడగడానికి అతని చేతిలో ఒక అంకె ఉంటుంది. సమర్ఖండ్ తాజిక్‌కు లేనిది ఆ అంకె. సరిహద్దులు కదిలించమని వాళ్లలో చాలామంది అడగడం లేదు. ఉజ్బెక్‌లతో వియ్యాలందుకున్నారు, రెండు భాషలూ కలిపి మాట్లాడతారు, ఎవరని అడిగితే ముందు సమర్ఖండ్ వాళ్లమంటారు. అందుకే వాళ్లను లెక్కించడానికి భయపడాల్సిన పని తాష్కెంట్‌కు లేదు.

జనగణనకు అక్కడ 2020లో చట్టం చేశారు. 2022 అన్నారు, 2023 అన్నారు, చివరికి 2026కి తెచ్చారు. లెక్క ఎప్పుడు తీసినా జాతి ఒక ప్రశ్నగా, ఇంట్లో మాట్లాడే భాష వేరే ప్రశ్నగా ఉండాలి. రెండు భాషలు చెబితే రెండూ రాసుకోవాలి. గణకుడు గుమ్మంలో నిలబడి జాతి తేల్చడానికి ముందు పాస్‌పోర్టు చూపించమన్నాడంటే మాత్రం, 1926 నాటి జవాబే వస్తుంది.