డాక్టరు పేరు: సెల్ఫ్

మందుల షాపులో అన్నిటికన్నా ముందు అరిగిపోయేది కత్తెర. పది మాత్రల అట్ట పూర్తిగా కొనేవాళ్ళు మా అంబాజీపేట వైపు తక్కువ. కొబ్బరి దింపు తీసేవాళ్ళు, వలుపు కార్మికులు, ఏ రోజు కూలి ఆ రోజు ఖర్చుకే సరిపోయేవాళ్ళు. ‘నాలుగివ్వండి చాలు’ అంటారు, మేం కోసిస్తాం. కొన్ని మందుల అట్టల వెనక నిలువునా ఒక ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. మా కత్తెర రోజుకు వందసార్లు ఆ గీతను అడ్డంగా కోసుకుంటూ పోతుంది.

2021 మే నెలలో, కోవిడ్ ముదిరినప్పుడు, నేను కోసినన్ని స్టెరాయిడ్ అట్టలు అంతకుముందు పదేళ్ళలో కోసి ఉండను.

అప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఊళ్ళో తెరిచి ఉండేది మందుల షాపులే. ఎవరి ఫోన్లో చూసినా ఒకటే చీటీ ఫొటో. ఏ డాక్టరు రాశాడో, ఎవరికి రాశాడో తెలియదు. పైన పేరు చిరిగిపోయి ఉండేది. జ్వరం మాత్ర, జింకు, విటమిన్ సి, ఐవర్‌మెక్టిన్, ఒక యాంటీబయాటిక్, చివర్న స్టెరాయిడ్. ఆ ఫొటో మా గ్రూపుల్లో తిప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. పరీక్షకు వెళితే ఊరికి తెలిసిపోతుందని జనానికి భయం, వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపితే పక్క షాపుకి పోతారని మాకు భయం, సూది వెయ్యకపోతే నమ్మరని ఆరెంపీలకి భయం. అందరి భయాలూ కలిసి ఆ కిట్టు తయారైంది. కిట్టులో స్టెరాయిడ్ పడితే మర్నాటికల్లా ఒళ్ళు తేలికపడేది. ‘మీ మందు భలే పనిచేసిందండి’ అంటే మేం మురిసిపోయేవాళ్ళం.

మాకు తెలియక చేశామని చెప్పుకోవడానికి లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ రికవరీ పరీక్షల ఫలితం 2020 జూన్‌లోనే బయటికొచ్చింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు ఆరు మిల్లీగ్రాములిస్తే వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరంలేని వాళ్ళకి లాభమేమీ కనపడలేదు. పేపర్లన్నీ మొదటి రెండు ముక్కలనీ పెద్దక్షరాల్లో వేశాయి, మేమూ అంతవరకే చదివాం. మళ్ళీ 2021 మే మొదట్లో ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా టీవీలో కూర్చుని, జబ్బు మొదట్లోనే స్టెరాయిడ్లు వాడొద్దని చెప్పారు. షాపులో టీవీ నడుస్తూనే ఉంది. నేను వింటూనే కోస్తున్నాను.

ఈ జబ్బులో కన్ను సంగతి కూడా చెప్పాలి. కోవిడ్ వచ్చినవాళ్ళలో కొందరికి కళ్ళు ఎర్రబడతాయి, నీళ్ళు కారతాయి, పుసులు కడతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. 2020 మార్చి ఆఖర్లోనే చైనా హుబే రాష్ట్రం నుంచి ఒక లెక్క వచ్చింది. ఆసుపత్రిలో చూసిన 38 మందిలో 12 మందికి కంటి లక్షణాలున్నాయి. తర్వాతి లెక్కల్లో అంతమంది లేరు కానీ, కన్ను కూడా ఈ జబ్బు కనపడే చోటేనని అప్పుడే తేలింది. ఆ మాటకొస్తే వూహాన్‌లో తోటి డాక్టర్లను ముందుగా హెచ్చరించి, పోలీసుల మందలింపు తిని, 2020 ఫిబ్రవరి 7న ఈ జబ్బుకే బలైన లీ వెన్‌లియాంగ్ కంటి డాక్టరే. పైకి ఏ లక్షణమూ లేని ఒక నీటికాసుల రోగి నుంచే ఆయనకి అంటిందంటారు.

మా దగ్గర మాత్రం కన్నెర్రబడితే కళ్ళకలకే. కళ్ళకలక అంటే మాకు జబ్బు కాదు, చుట్టం. చనుబాల చుక్కలు, నందివర్ధనం పూలు, నల్లకళ్ళజోడు, మూడోరోజుకి మా షాపు చుక్కలు. దగ్గుతోబాటు కళ్ళెర్రగా ఉన్నవాళ్ళు ఎందరొచ్చినా పరీక్ష చేయించుకోమని నేను చెప్పలేదు. చుక్కలిచ్చాను. చాలామందికి అది దానంతటదే తగ్గిపోయేదే, తగ్గింది కూడా. ఆ పేరు మా చుక్కలకొచ్చింది.

జూన్ మొదట్లో ఒకావిడ వచ్చింది. ఆమె భర్తది కొబ్బరి దింపు. రెండు వారాల క్రితం నేనే అయిదు రోజుల కిట్టు ఇచ్చాను. బాగుందని మళ్ళీ అయిదు రోజులకి పట్టుకెళ్ళారు, అదీ నేనే ఇచ్చాను. ‘ఆయనకి ఎడం కన్ను ఎర్రబడిందండి. కళ్ళకలకేమో’ అంది. ఒక్క కన్నేనా అని నేనడగలేదు. చుక్కలిచ్చాను. రెండ్రోజులకి మళ్ళీ వచ్చింది. పై పన్ను లాగేస్తోందంట, ఎడం చెంప మొద్దుబారిందంట. నొప్పి మాత్రలు నాలుగు కోసిచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు ‘రెప్ప ఎత్తలేకపోతున్నారండి, ముక్కులోంచి నల్లగా వస్తోంది, పొయ్యి దగ్గర కూర్చుంటారు కదా, మసేమో’ అంది. అప్పటికి పేపర్ల నిండా బ్లాక్ ఫంగస్ బొమ్మలే. దాన్ని అంటువ్యాధుల చట్టం కింద నమోదు చెయ్యమని కేంద్రం రాష్ట్రాలకి రాసి పది రోజులు దాటిపోయింది. అయినా ఆమె మూడోసారి వచ్చిందాకా నాకు తట్టలేదు.

నేను వెళ్ళమన్నాక ఎదుర్లంక బ్రిడ్జి దాటించి, యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. ఎడం కన్ను తీసేశారు.

ఆ బూజు ఎక్కడినుంచో ఊడిపడలేదు. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, పేడలో ఎప్పుడూ ఉండేదే. మా కోనసీమ గాలిలో దానికేం కొదవ? మామూలు ఒంటిని అదేమీ చెయ్యదు. రక్తంలో చక్కెర మితిమీరినప్పుడు, స్టెరాయిడ్ ఒంటి కాపలాని నిద్రపుచ్చినప్పుడు ముక్కులో పాగా వేస్తుంది. రక్తనాళాల్లోకి దూరి వాటిని పూడ్చేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. నలుపు ఆ కండది, బూజుది కాదు. ముక్కు నుంచి సైనసులకి, అక్కడినుంచి కంటిగూటికి, ఆపైన మెదడుకి. ఆ యేడు నవంబరు ఆఖరుకి దేశంలో 51 వేలకు పైగా కేసులు లెక్కకొచ్చాయి. మేం మాత్రం ఆక్సిజన్ సిలిండర్లలో నీళ్ళన్నాం, ఉతకని మాస్కులన్నాం. మా కౌంటరు వైపు ఎవరం వేలు చూపించలేదు.

ఆయనకి షుగరుందని కాకినాడలో చెప్పారు, నాలుగు వందలు దాటి. అంతకుముందు ఎవరూ చూడలేదు. నా షాపులో, ఆమె నిలబడ్డచోటికి మూరెడు దూరంలో, అద్దాల బీరువాలో గ్లూకోమీటర్లు అయిదు పెట్టెలున్నాయి. అమ్మకానికి. వేలు పొడిచి చూస్తే ఒక్క నిమిషం పట్టేది. నన్నూ ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

అదే మేలో మేమందరం కృష్ణపట్నం వైపు చూస్తున్నాం. అక్కడి నాటువైద్యుడు ఆనందయ్య కంట్లో చుక్కలేస్తే పడిపోయిన ఆక్సిజన్ నిమిషాల్లో లేస్తుందని వీడియోలు. వేలమంది ఎగబడ్డారు. నెలాఖరున ప్రభుత్వం ఆయన మందులు కొన్నిటికి ఒప్పుకుంది కానీ కంటి చుక్కలకి ఒప్పుకోలేదు. ‘గుడ్డి నమ్మకం’ అని మా షాపుల సంఘం గ్రూపులో నేనే పెద్ద మెసేజి పెట్టాను. నలభైమంది బొటనవేళ్ళెత్తారు. ఆ మధ్యాహ్నం కూడా నేను చీటీ చూడకుండానే అమ్మాను. తేనె, వంకాయ గుజ్జు వేసిన చుక్కల్ని వెక్కిరించాం, మా చుక్కలకి కంపెనీ లేబులుంది కదా.

కన్ను పోయిన ఆ దింపు మనిషి ఇప్పుడు చెట్టెక్కడు. ఒంటికన్నుతో గెలకీ కత్తికీ మధ్య దూరం తెలియదట. రాశి దగ్గర కూర్చుని కాయలు లెక్కపెడతాడు. అప్పుడప్పుడూ షాపుకొస్తాడు. డబ్బులిచ్చేటప్పుడు తల మొత్తం ఎడంపక్కకి తిప్పి నా చెయ్యి ఎక్కడుందో చూసుకుని ఇస్తాడు. నన్నొక్క మాట అనలేదు. ‘మీరు చెప్పబట్టే కాకినాడ వెళ్ళామండి, ఆయ్’ అంటాడు. మూడోసారి చెప్పింది గుర్తుంది ఆయనకి. మొదటి రెండుసార్లు నాకు గుర్తున్నాయి.

2023లో వానలు పడ్డాక నిజం కళ్ళకలకే వచ్చింది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ. బళ్ళకి బళ్ళు ఖాళీ. వైరస్ కళ్ళకలకకి స్టెరాయిడ్ చుక్కలు తెలియకుండా వేస్తే నల్లగుడ్డు మీద పుండు పెరగొచ్చు, కంటి ఒత్తిడి పెరగొచ్చు. ఈసారి ఇది నాకు బాగా తెలుసు. ఒకమ్మ ఏడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. డాక్టరుకి చూపించమన్నాను. ‘రెండొందలు ఫీజండి. మొన్న పక్కింటి పిల్లకి మీరిచ్చినవే ఇవ్వండి, ఒక్కరోజులో ఎరుపు పోయింది’ అంది. వెనక ఆరుగురు నిలబడ్డారు. పిల్లాడు కళ్ళు నలుపుకుంటున్నాడు.

సొరుగు లాగి ఇచ్చాను. కంప్యూటరు బిల్లులో డాక్టరు పేరు గడి ఖాళీగా ఉంటే ముందుకెళ్ళదు. ‘సెల్ఫ్’ అని కొట్టాను.