ఒక్క చేనికి మందు పెట్టిన ఎలుకలు పోవునా?

చండ్రుగొండ వంటి అడవి అంచు గ్రామములలో పొలములకు ఒక ప్రక్క తుప్పలు, మరొక ప్రక్క లావుపాటి గట్లు. పందికొక్కులకు ఇంతకంటె సుఖమైన తావు ఏది? మీరొక్కరే ఎర పెట్టినచో కొలది దినములలోనే ప్రక్క గట్టున నున్నవి మీ చేనిలో చేరును. కావున పంచాయతీవారు దండోరా వేయించి, ఊరంతటికి ఒకే దినము నిర్ణయించవలెనని నా అభిప్రాయము.

వరి పొట్టకు రాకముందే ఈ పని జరుగవలెను. కంకి వచ్చిన పిమ్మట పందికొక్కు ఎరవంక అంతగా చూడదు. కంకులనే కలుగులోనికి మోసికొనిపోవును. ముందునాటి సాయంకాలము కలుగులన్నియు మట్టితో మూయుడు. మరునాడు తెరచుకొన్నవాటిలోనే ఎలుక కలదు. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, 0.25 శాతపు బ్రోమాడయోలోన్ పొడి 2 పాళ్లు కర్రతో కలిపి, కలుగుకు 10 గ్రాముల పొట్లము లోపల వేయుడు. ఎలుక చచ్చుటకు కొన్ని దినములు పట్టును. మందు నకిలీదని అంగడివానిపై కోపగింపకుడు!

చచ్చినవాటిని లోతుగా పూడ్చుడు. వాటిని తిన్నచో గుడ్లగూబ, జెర్రిపోతు కూడ చావవచ్చును. కూలి అడుగక ఎలుకలను పట్టునవి అవియే గదా! పిల్లలు తిరుగు ఇండ్లలో విషమేల? బోనులు పెట్టుడు.